అమబుథో మేలా, షాకా జులూ మేలా? లేడీస్మిత్ బ్లాక్ మంబాజో ఆల్బమ్‌లు పక్కపక్కన

వాయిద్యం ముట్టకుండా గొంతులతోనే పాడే, దక్షిణాఫ్రికా జులూ జాతివాళ్ల బృందాల్లో ముందు వినాల్సింది లేడీస్మిత్ బ్లాక్ మంబాజో. ఇక్కడ పెద్దగా పేచీ లేదు. పేచీ అంతా ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలన్న దగ్గరే. అడిగినవాళ్లందరికీ 1987 నాటి ‘షాకా జులూ’ పేరే చెబుతారు. దానికి గ్రామీ వచ్చింది, అమెరికా గాయకుడు పాల్ సైమన్ నిర్మించాడు, ఎక్కడైనా దొరుకుతుంది. కొత్తగా వినేవాళ్లు 2017 నాటి ‘షాకా జులూ రివిజిటెడ్’ ఎత్తుకుంటారు, రికార్డింగు కొత్తది కాబట్టి. 1973 నాటి ‘అమబుథో’ పేరు మాత్రం ఎవరో ఒకరు గుర్తుచేస్తే తప్ప బయటికి రాదు.

మా తీర్పు ముందే చెబుతాం. చెవి అలవాటు పడటానికి షాకా జులూ మేలు. కానీ ఒక్కటే దగ్గర ఉంచుకోవాలంటే అమబుథో. ఎందుకో తెలియాలంటే ఈ పాట ఎలా కట్టారో కొంచెం చూడాలి.

ఈ బాణీ పేరు ఇసికతమీయ. మెత్తగా, మునివేళ్ల మీద అడుగు వేయడం అన్న అర్థమున్న జులూ మాట నుంచి వచ్చింది. దక్షిణాఫ్రికాలోని నటాల్ ప్రాంతపు పల్లెల నుంచి గనులకూ కార్ఖానాలకూ పనికి వెళ్లిన మగవాళ్లు కూలీల హాస్టళ్లలో ఉండేవారు. ఊళ్లో పాడితే కాళ్లు నేలకు బాది పాడతారు. హాస్టల్లో ఆ చప్పుడు కుదరదు. అడుగు మెత్తబడింది, దాంతో పాటు గొంతూ దిగింది. అంతకు ముందున్న ఎంబూబే బాణీ, అంటే 1939లో సోలమన్ లిండా బృందం రికార్డు చేసిన పాటతో పేరుపడ్డది, ఇంతకంటే గట్టిగా ఉంటుంది. ఇసికతమీయలో బలమంతా అణిచిపెట్టడంలో ఉంది. పదిమంది మగవాళ్లు గట్టిగా పాడగలిగీ పాడకుండా ఆపుకుంటున్నారని వినేవాడికి తెలుస్తూ ఉండాలి. ఆ ఆపుకోవడం ఏ ఆల్బమ్‌లో బాగా వినిపిస్తే మా లెక్కలో అదే మెరుగు.

పేరు పలకడం గురించి ఒక మాట. ‘ఇసికతమీయ’లో మనం ‘క’ అని రాస్తున్నది నిజానికి క కాదు. అయ్యో పాపం అంటూ నాలుక కొసను పైపళ్ల వెనక ఆనించి ‘ట్చ్’ అంటామే, ఆ చప్పుడే. మనం జాలికి వాడే ధ్వని వాళ్లకు మాటలో ఒక హల్లు. అమబుథోలో ‘థ’ మన ఒత్తు థకు దగ్గర. ఇంగ్లీషువాళ్లు అక్కడ తడబడతారు గానీ తెలుగు నోటికి కష్టం లేదు. ఈ చిటికె చప్పుళ్లు చెవికి పట్టాక పాటలో తాళం ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది. డప్పు లేదు, హల్లులే డప్పు.

బృందం కూర్పు విచిత్రంగా ఉంటుంది. పదిమంది ఉంటే ముందు పాటకు ఒకడు, ఆల్టోకు (పై గొంతు) ఒకడు, టెనర్‌కు (మధ్య గొంతు) ఒకడు, మిగతా ఏడుగురూ బేస్ (అట్టడుగు గొంతు). చర్చి కోరస్‌లో లాగా నాలుగు వంతులుగా సమానంగా పంచరు. దీనికి కారణం మన చెవిలోనే ఉంది. కింది స్వరాలు పై స్వరాలంత గట్టిగా వినబడాలంటే చాలా ఎక్కువ శక్తి కావాలి. ఏడుగురు కలిసి నెమ్మదిగా పాడినా కింద పరుపు పరిచినట్టు ఉంటుంది, ఎవరూ గొంతు చించుకోనక్కర్లేదు. మన భజనలో వంతవాళ్లు ముందువాడు పాడిన వరసనే తిరిగి పాడతారు. ఇక్కడ వంత విడిపోయి మూడు అంతస్తులుగా నిలబడుతుంది. ముందువాడు వాటి మీద ఇష్టమొచ్చినట్టు తిరుగుతాడు. పాట కూడా చాలాసార్లు రెండు భాగాలు. మొదట తాళానికి కట్టుబడని నిదానపు సాగదీత, తర్వాత బిగువైన తాళంలో సవాలు–జవాబు. అడుగులు రెండో భాగంలో పడతాయి.

ఇప్పుడు అమబుథో సంగతి. జోసెఫ్ షబలాలా 1960లోనే బృందం కట్టాడు. 1964లో తనకు కలల్లో వరసగా ఒక సుస్వరం వినిపించిందనీ, దాన్నే బృందానికి నేర్పాననీ చెప్పేవాడు. ఆ తర్వాత శనివారం రాత్రి మొదలై తెల్లవారేదాకా సాగే పోటీల్లో వీళ్లే గెలుస్తూ పోయేసరికి, మిగతా బృందాలు వీళ్లను పోటీకి రావద్దన్నాయి. వినోదానికి పాడితే మాత్రం అభ్యంతరం లేదన్నాయి. పేరులోనే ఆ పొగరు ఉంది. లేడీస్మిత్ సొంత ఊరు, బ్లాక్ అంటే నల్లఎద్దులు, మంబాజో అంటే పోటీకొచ్చినవాళ్లను నరికే గొడ్డలి. 1970లో రేడియోలో పాడటం గాలో అనే రికార్డు కంపెనీతో ఒప్పందానికి దారితీసింది. 1973లో అమబుథో వచ్చింది. మాటకు అర్థం యుద్ధదళాలు. దక్షిణాఫ్రికాలో నల్లజాతి కళాకారుల ఆల్బమ్‌కు గోల్డ్ డిస్క్ దక్కడం దీంతోనే మొదలు.

అందులో బృందం ఇంకా పోటీ వేడిలో ఉంది. షబలాలాకు అప్పటికి ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. గొంతులు ఒకే చోట గుమిగూడినట్టు, పొడిగా వినిపిస్తాయి. గది ప్రతిధ్వని మీద ఆధారపడలేదు. వంత అందుకోవడం తలుపు మూసినంత కచ్చితంగా ఉంటుంది. పాడిందంతా జులూ. మాకు ఇది చాలా పెద్ద విషయం, భాషాభిమానం కోసం కాదు. జులూలో స్వరం పైకీ కిందికీ మారితే మాట అర్థమే మారిపోవచ్చు. అందుకని వరస కట్టేటప్పుడు మాట ఎక్కడ లేస్తుందో ఎక్కడ దిగుతుందో పాట దాన్ని గౌరవిస్తుంది. మాట తెలియకపోయినా ఆ లేవడం, దిగడం సహజంగా ఉన్నాయని చెవి పసిగడుతుంది. అదే వరసలో ఇంగ్లీషు మాటలు పెడితే ఆ పట్టు సడలుతుంది.

షాకా జులూలో జరిగింది కొంతవరకు అదే. 1986లో పాల్ సైమన్ ‘గ్రేస్‌ల్యాండ్’లో వీళ్లు పాడాక ప్రపంచం చెవి ఒగ్గింది. మరుసటి ఏడాది వచ్చిన ఈ ఆల్బమ్‌లో సంప్రదాయ జానపద విభాగపు గ్రామీ కొట్టారు. పాత పాటలను మళ్లీ పాడటం, ఇంగ్లీషు చరణాలు కలపడం బయటి శ్రోతల కోసమే. నష్టం చెప్పాం, లాభమూ చెప్పాలి. రికార్డింగులో గాలి ఉంది. ఆల్టో ఎక్కడ, టెనర్ ఎక్కడ, బేస్ ఎక్కడ అని వేలుపెట్టి చూపించవచ్చు. అమబుథోలో ముద్దలా వినిపించినది ఇక్కడ పొరలు పొరలుగా విడిపోతుంది. ఆ మూడు అంతస్తులు ఎలా నిలబడతాయో నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. జోసెఫ్ తమ్ముడు హెడ్‌మన్ షబలాలా బేస్ గొంతు కూడా ఇందులో ఉంది. 1991 డిసెంబరులో ఆయన్ను కాల్చి చంపారు. ఆ తర్వాతి ఆల్బమ్‌లలో ఆ గొంతు లేదు. షాకా జులూను దగ్గర ఉంచుకోవడానికి మాకు అన్నిటికంటే బలమైన కారణం ఇది.

రెండింటినీ పోల్చడానికి ఒక్క పాట చాలు: 1973 నాటి ‘నోమథేంబ’, 1987 నాటి ‘ఉనోమథేంబ’. అమ్మాయి పేరు. లోపల ఉన్న ‘థేంబ’కు ఆశ, నమ్మకం అని అర్థం. ముందు చేరిన ‘ఉ’ జులూలో మనుషుల పేర్లకు వచ్చే ఉపసర్గ, పాట వేరు కాదు. ఇలా వినండి. మొదటిసారి ముందువాడి గొంతు వదిలేసి అట్టడుగు బేస్‌నే పట్టుకుని చివరిదాకా వెళ్లండి. రెండోసారి వంత ఎప్పుడు అందుకుంటోందో, ముందువాడి మాట పూర్తయ్యాకా, దాని మీదకే ఎక్కుతోందా అన్నది చూడండి. మూడోసారి పాట మొత్తంగా. మూడుసార్లు 1973, ఆ తర్వాత మూడుసార్లు 1987. పాత దాంట్లో వంత ముందువాణ్ని తోసుకొస్తుంది. కొత్త దాంట్లో ఆయనకు దారి ఇస్తుంది. రెండోది చెవికి హాయి, మొదటిదాంట్లో ప్రాణం ఎక్కువ.

పోల్చేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కొత్త రికార్డింగులు సాధారణంగా గట్టిగా ఉంటాయి. ఒకటి రెండు డెసిబెల్స్ తేడా ఉంటే చాలు, గట్టిగా ఉన్నదే బాగుందని చెవి తీర్పిచ్చేస్తుంది. యాప్ సెట్టింగుల్లో వాల్యూమ్ సమం చేసే మీట ఉంటే వేయండి. లేకపోతే కొత్తదాన్ని చేత్తోనే తగ్గించి వినండి.

ఇంతకన్నా పెద్ద పొరపాటు ఫోన్ స్పీకర్లో వినడం. మగ బేస్ గొంతు కింది స్వరాలు 80 నుంచి 110 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. చాలా ఫోన్ స్పీకర్లు 300 హెర్ట్జ్ దిగేసరికే చతికిలబడతాయి. పై స్వరాంశాలను బట్టి మెదడు ఆ కింది స్వరాన్ని ఊహించుకుంటుంది కాబట్టి పాట వినబడుతూనే ఉంటుంది, బరువు మాత్రం పోతుంది. పదిమందిలో ఏడుగుర్ని గది బయట నిలబెట్టి విన్నట్టు. ఇయర్‌ఫోన్లు వాడితే రబ్బరు టిప్ చెవిలో సరిగ్గా బిగిసిందో లేదో చూసుకోండి. సందు ఉంటే ముందు పోయేది బేసే. బేస్ బూస్ట్ వేయకండి. అది కింది స్వరాలను ఉబ్బించి ఏడుగురి హల్లులనూ కలగాపులగం చేస్తుంది, తాళం మసకబారుతుంది.

ఇక రివిజిటెడ్. షాకా జులూకు ముప్పై ఏళ్లు నిండిన సందర్భంగా అదే ఆల్బమ్‌ను మళ్లీ పాడారు. జోసెఫ్ 2014లో తప్పుకున్నాడు, ఆయన కొడుకులే పాట నడిపించారు. దీనికీ 2018లో గ్రామీ వచ్చింది. శుభ్రంగా, పొందికగా పాడారు, తప్పు పట్టేదేమీ లేదు. అయినా ముందు పాట దగ్గరికొచ్చేసరికి జోసెఫ్ లోటు తెలుస్తుంది. ఆయన గొంతు పెద్దది కాదు. గుసగుసకూ పాటకూ మధ్య ఎక్కడో ఊగుతూ, ఉన్నట్టుండి పైకి జారిపోతుంది. వంత దాన్ని కాపలా కాస్తున్నట్టు పాడుతుంది. కొడుకుల గొంతులు దిట్టంగా ఉన్నాయి, వాటికి కాపలా అక్కర్లేదు. మొదట ఇదే వింటే అసలు పాటలో ఏం ఉందో తెలియకుండా పోతుంది. 1987 నాటిది వినేసినవాళ్లకు మాత్రం చాలా ఉపయోగం. 1969లో చేరిన ఆల్బర్ట్ మజిబుకో 2017లోనూ బృందంలో ఉన్నారు. ఒకే ఇంటి పాట తరం మారితే ఏది నిలుస్తుంది, ఏది జారుతుంది అన్నది ఈ రెండింటినీ పక్కన పెడితే కళ్లకు కడుతుంది.

వెతికేటప్పుడు జాగ్రత్త. ‘షాకా జులూ’ అని కొడితే 1986 నాటి టీవీ సీరియల్ సంగీతం కూడా వస్తుంది, దానికీ దీనికీ సంబంధం లేదు. బృందం పేరు కలిపి వెతకండి. సంకలనాలు కుప్పలుగా ఉన్నాయి. ‘నోమథేంబ’ అన్న పేరు చూసి నొక్కితే ఏ ఏటిదో తెలియకపోవచ్చు. పాటగా కాకుండా ఆల్బమ్ పేజీ తెరిచి, ఏడాది చూసుకుని, షఫుల్ ఆపి వినండి.

మిగతావాటి మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. ‘లాంగ్ వాక్ టు ఫ్రీడమ్’ (2006)లో ఇతర గాయకులు వచ్చి కలిశారు. పార్టీలో బాగుంటుంది, బృందాన్ని తెలుసుకోవడానికి పనికిరాదు. ఇంగ్లిష్ చాంబర్ ఆర్కెస్ట్రాతో చేసిన ‘నో బౌండరీస్’లో తంత్రీవాద్యాలు వచ్చి బేస్ చోటును ఆక్రమిస్తాయి. వాయిద్యం లేకపోవడమే ఈ పాటకు నేల. ‘గ్రేస్‌ల్యాండ్’లో ‘హోమ్‌లెస్’ ఒక్కటీ తప్పక వినండి, కానీ అది వాళ్ల ఆల్బమ్ కాదు.

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో బంధువులున్న తెలుగువాళ్లకు ఇంకో దారి ఉంది. 1860 తర్వాత చెరకుతోటలకు వెళ్లిన మనవాళ్ల వారసులు ఇప్పటికీ ఉన్న ఆ నగరమే ఇసికతమీయ పోటీలకు పెద్ద నెలవు. శనివారం రాత్రి పోటీ ఎక్కడైనా జరుగుతోందేమో కనుక్కోమనండి. పాటను అడుగుతో కలిపి చూశాక రికార్డు విన్నప్పుడు, చప్పుడు లేని ఆ అడుగులు ఎక్కడ పడుతున్నాయో తెలుస్తుంది.

కాలేజీలోనో అపార్ట్‌మెంట్‌లోనో నలుగురూ కలిసి పాడి చూద్దామనుకుంటే షాకా జులూ నుంచి నేర్చుకోండి, పొరలు విడిగా దొరుకుతాయి కాబట్టి. ముందు బేస్‌వాళ్లనే కూర్చోబెట్టి, మాటలు లేకుండా ‘మ్’ అంటూ ఒకే స్వరాన్ని ఒకే ఊపిరిలో నిలపమనండి. ఎవరి గొంతూ విడిగా వినబడకూడదు. అది కుదిరాకే టెనర్, ఆ తర్వాత ఆల్టో. ముందు పాట పాడేవాణ్ని చివర్న చేర్చండి. చాలామంది ఇది తలకిందులు చేసి, మంచి గొంతున్నవాడితో మొదలుపెట్టి మిగతావాళ్లను అతని వెనక తోస్తారు. అప్పుడు కింద పరుపు ఉండదు, ముందువాడు గట్టిగా పాడక తప్పదు, వంత కూడా అతన్ని అందుకోవాలని గొంతు పెంచుతుంది. పాట నిలబడ్డాక రాత్రిపూట దీపాలు తగ్గించి అమబుథో పెట్టండి. మీ వంత ఎక్కడ ఆలస్యంగా అందుకుంటోందో మొదటి పాటలోనే తేలిపోతుంది.