ఇంట్లో డ్రై ప్రాక్టీసుకు స్కాట్ సెన్సర్: కర్నూలు నుంచి ఒక సమీక్ష

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకునేవారికి కర్నూలులో మొదటి ఇబ్బంది దూరమే. హైదరాబాదులోని పెద్ద రేంజిలకు వెళ్లాలంటే 44వ నంబరు జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి కనుక, మా సాధనలో అధికభాగం ఇంట్లోనే, పెల్లెట్ (చిన్న సీసపు గుండు) వేయకుండా ట్రిగ్గర్ నొక్కే డ్రై ప్రాక్టీసుగానే సాగుతుంది. ఆ సాధనకు తోడుగా కొందరం మిత్రులం కలిసి కొనుక్కుని వంతులవారీగా వాడుకుంటున్న స్కాట్ ఎంఎక్స్-02 సెన్సర్ గురించే ఈ సమీక్ష.

ఇది పిస్టల్ గొట్టానికి బిగించుకునే చిన్న కెమెరా. టార్గెట్ మీది నల్లని వృత్తాన్ని గమనిస్తూ, గొట్టం ఎటు కదిలితే అటు ల్యాప్‌టాప్ తెర మీద గీత గీస్తుంది. గురి చూస్తున్నంతసేపు ఆకుపచ్చగా ఉండే గీత, ట్రిగ్గర్ తెగడానికి, అంటే నొక్కుడు పూర్తయి దెబ్బ విడుదల కావడానికి, ముందరి చివరి సెకనులో పసుపుగానూ, అందులోనూ ఆఖరి 0.2 సెకనులో నీలంగానూ, తెగిన తరువాత ఎరుపుగానూ మారుతుంది. నా దృష్టిలో ఈ పరికరం విలువంతా ఆ నీలిగీతలోనే ఉంది. టార్గెట్ కార్డు మీద పదో వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. గుండు ఎడమవైపు కిందికి పోయి ఎనిమిదిలో పడితే, చేయి ఊగినందువల్ల పడిందో, వేలు ట్రిగ్గర్‌ను గుంజినందువల్ల పడిందో కాగితం చెప్పలేదు. తెర మీద మాత్రం పసుపుగీత పదిలోనే బుద్ధిగా తిరుగుతూ ఉండి, నీలం రాగానే ఎడమ కిందికి జారిపోవడం కళ్లకు కనబడుతుంది. కుడిచేతివాటం వారిలో తరచుగా కనిపించే ఈ దోషానికి చేతి బలం పెంచే వ్యాయామాలు ఎన్ని చేసినా ఫలితం ఉండదు. నియమాల ప్రకారం ట్రిగ్గర్ బరువు, అంటే దానిని నొక్కడానికి కావలసిన బలం, 500 గ్రాములకు తగ్గకూడదు. ఆ బరువును మణికట్టు కదలకుండా వేలు ఒక్కటే మోయడం నేర్చుకోవాలి.

ఇంటి అమరిక గురించి కొంత వివరంగా చెప్పాలి. పది మీటర్ల హాలు ఎవరింట్లోనూ ఉండదు. అయిదు మీటర్లు దొరికితే చాలు. అయితే దూరం సగమైనప్పుడు 59.5 మిల్లీమీటర్ల నల్లని వృత్తం కూడా సగమై, 30 మిల్లీమీటర్లకు ఇంచుమించుగా ఉండాలి. చాలామంది ఇంతవరకు చేసి, ఎత్తు సంగతి వదిలేస్తారు. రేంజిలో టార్గెట్ కేంద్రం నేల నుంచి 140 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. కంటి ఎత్తు 160 ఉన్న మనిషి అయిదు మీటర్ల దగ్గర అదే వాలు పొందాలంటే కార్డును 150 దగ్గర అంటించాలి, లేకుంటే ఇంట్లో అలవాటైన భుజం రేంజికి వెళ్లాక తికమకపడుతుంది. మా ఇంటి నేలకు పరిచిన బేతంచెర్ల బండల అతుకులు ఇక్కడ అనుకోని సాయం చేశాయి: ఒక అతుకుకు కుడి మడమ, పక్క అతుకుకు ఎడమ బొటనవేలు ఆనిస్తే ప్రతిరోజూ ఒకే నిలుపు వస్తుంది. కార్డు మీద వెలుతురు సమంగా పడాలి. ఎండాకాలంలో కూలర్ గాలి కార్డును కదిలించకుండా నాలుగు మూలలా టేపు వేయడం మంచిది.

ఇక పరిమితులు. గీతలు చూపించడం వేరు, నేర్పించడం వేరు; దోషం కనబడిన తరువాత దిద్దుకునే మార్గం శిక్షకుడే చెప్పాలి. అంతకంటె పెద్ద చిక్కు తెర మీద కనబడే స్కోరు. ప్రతి ట్రిగ్గర్‌కూ ఒక అంకె వస్తుంటే మనసు, గురి చూడడానికి గొట్టం కొసన ఉండే ఫ్రంట్ సైట్‌ను విడిచి అంకెల వెంట పడుతుంది. అందుచేత సాధనలో మొదటి సగం సెన్సర్ లేకుండా, కార్డు కూడా లేకుండా, ఒట్టి తెల్లగోడ వైపే చేయాలని నా అభిప్రాయం. గోడ మీద చూడడానికి ఏమీ ఉండదు కనుక చూపు ఫ్రంట్ సైట్ మీదే నిలుస్తుంది. కంటి వైపుండే రియర్ సైట్ గాడిలో దానికి రెండు పక్కలా ఉన్న వెలుతురు సందులు ట్రిగ్గర్ తెగేటప్పుడు ఏమాత్రం మారినా తెలిసిపోతుంది. మిగిలిన సగంలో సెన్సర్ పెట్టుకున్నా తెరను వెనక్కి తిప్పి, పది ట్రిగ్గర్లయ్యాక ఒకేసారి చూసుకోవడం మేలు. సెన్సర్ బరువు కొద్దిపాటిదే అయినా గొట్టం కొసకు తోడవుతుంది కనుక, పోటీ దగ్గరపడిన రోజుల్లో దానిని తీసేసి సాధన చేయడం అవసరం.

పిస్టల్ విషయంలో ఒక హెచ్చరిక. డ్రై ఫైర్ ఏర్పాటు (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే వీలు) ఉన్న పోటీ పిస్టళ్లకే ఈ సాధన తగును. స్ప్రింగు పిస్టళ్లను పెల్లెట్ లేకుండా పేలిస్తే లోపలి పిస్టన్ అడ్డు లేకుండా వెళ్లి గుద్దుకుని దెబ్బతింటుంది. ఏ పిస్టలైనా సరే, పెల్లెట్ల డబ్బా వేరే గదిలో ఉంచి, గొట్టం ఖాళీగా ఉందని కళ్లారా చూసుకున్నాకే చేయి ఎత్తాలి.

ధర లక్ష రూపాయలకు పైమాటే కనుక కొత్తగా చేరినవారు దీని జోలికి పోనక్కర్లేదు. వారికి సున్నం వేసిన గోడ చాలు. జిల్లా, రాష్ట్ర పోటీల్లో ఆడుతూ, స్కోరు ఒకచోట ఆగిపోయి కారణం అంతుబట్టనివారు మాత్రం మా మాదిరి నలుగురు కలిసి కొనుక్కోవచ్చు. అలా పంచుకునేటప్పుడు ఒక్కొక్కరి పేరిట వేరువేరు ఖాతా తెరవడం మరిచిపోకూడదు, ఎందుకంటే పాత గీతలతో కొత్తవాటిని పోల్చుకునే వీలు లేకపోతే పెట్టిన డబ్బులో సగం దండగే.