బంగారమా, ప్లాటినమా: కార్బన్ మోనాక్సైడ్ పని పట్టడానికి ఏది మేలు?

కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడానికి ఏ ఉత్ప్రేరకం (తాను ఖర్చవకుండా చర్యను వేగంగా జరిపించే పదార్థం) మంచిదంటే చాలామంది వెంటనే ప్లాటినం అనేస్తారు. కార్ల పొగను శుభ్రం చేసే కన్వర్టర్లలో ఉండేది ప్లాటినం, పల్లాడియం, రోడియమే కాబట్టి అలా అనడం సహజం. నేనైతే ముందు ఎంత వేడిలో వాడతారో అడుగుతాను.

ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు ప్లాటినం దాదాపు పని చేయదు. కార్బన్ మోనాక్సైడ్ దాన్ని గట్టిగా అంటిపెట్టుకుని ఉపరితలమంతా ఆక్రమించేస్తుంది, ఆక్సిజన్‌కు కాలు పెట్టే చోటు కూడా దొరకదు. వేడి సుమారు 150-200 డిగ్రీలకు చేరాక ఆ పట్టు సడలుతుంది. పొద్దున్నే బండి స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో పొగ ఎక్కువ విషంగా ఉండటానికి ఇదే ముఖ్య కారణం.

ఇక బంగారం. అమ్మమ్మ గాజులు ఇన్నేళ్లయినా నల్లబడలేదంటే అది దేనితోనూ కలవదనే కదా, మరి అది ఉత్ప్రేరకం ఎలా అవుతుంది? 1987లో జపాన్‌లోని ఒసాకాలో మసతాకే హరుతా బృందం ఐరన్ ఆక్సైడ్, కోబాల్ట్ ఆక్సైడ్ లాంటి వాటి మీద కొద్ది నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) బంగారు రేణువులను నిలిపి, మైనస్ 70 డిగ్రీల్లో కూడా ఈ చర్య జరుగుతుందని చూపించింది. 3 నానోమీటర్ల రేణువులో ఉండేవి దాదాపు 800 పరమాణువులే, వాటిలో మూడో వంతుకు పైగా ఉపరితలం మీదే ఉంటాయి. అసలు పని జరిగేది ఎక్కువగా బంగారం, ఆక్సైడ్ కలిసే అంచు దగ్గర, అందుకే కింద ఏ ఆక్సైడ్ వేశామన్నది చాలా ముఖ్యం. గ్యాస్ మాస్కుల్లో ఎప్పటినుంచో వాడే హోప్కలైట్ (మాంగనీస్, రాగి ఆక్సైడ్ల మిశ్రమం) తేమ తగిలితే చతికిలబడుతుంది, బంగారానికి మాత్రం కాస్త తేమ మేలే చేస్తుంది.

అలాగని బంగారం అన్నీ తట్టుకునేంత గట్టిది కాదు. బంగారం క్లోరైడ్ రూపంలో కరిగి ఉన్న పసుపు రంగు ద్రావణం నుంచి మొదలుపెట్టి, టైటానియా (టైటానియం ఆక్సైడ్) మీదకు దించి, కడిగి, ఆరబెట్టి, బట్టీలో కాల్చి తీస్తే పొడి ఊదా రంగులో వస్తుంది, చూడ్డానికి ఎంత బాగుంటుందో! కానీ క్లోరైడ్ పూర్తిగా పోయేదాకా కడగకపోతే అదే బట్టీలో రేణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోతాయి, చేసిన కష్టమంతా వృథా. బంగారం 1064 డిగ్రీలకే కరుగుతుంది, ప్లాటినం 1768 దాకా తట్టుకుంటుంది, పైగా నానో రేణువులు అంతకంటే చాలా ముందే కదలడం మొదలుపెడతాయి.

అందుకే ఇంజిన్ పొగకు నేను ప్లాటినమే వాడమంటాను, అక్కడ బంగారం నిలబడదు. మాస్కుకో, తలుపులు మూసిన గదిలో గాలి శుభ్రం చేయడానికో అయితే నిస్సందేహంగా బంగారం. చేసిన పొడిని మాత్రం వెలుతురు తగలకుండా చల్లగా దాచండి, బల్ల మీద ఎండ పడేచోట వదిలేస్తే అక్కడే మెల్లగా చెడిపోతుంది.