జర్మనీ దారా, ఇరాక్ దారా: యుద్ధం తర్వాత దేశాన్ని నిలబెట్టేది ఏది?

ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా గట్టు మీద కూర్చుంటే మా బాబాయికి యుద్ధం కబుర్లే వస్తాయి. మొన్న ఇరాక్ మీదకు వెళ్లారు. "2003లో అమెరికా దిగింది చమురు కోసంరా. దురాశతో మొదలెట్టిన పని బాగుపడుతుందా? జర్మనీని చూడు, మంచి మనసుతో నిలబెట్టారు."

చమురు ఆశ లేదని నేనూ అనను. సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని చెప్పి దిగారు, అవి దొరకనేలేదు. బాగ్దాద్‌లో జాతీయ మ్యూజియం దోపిడీ అవుతుంటే సైనికులు చమురు మంత్రిత్వ శాఖకు కాపలా కాశారు.

కానీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీతో సహా పశ్చిమ ఐరోపాను నిలబెట్టడానికి అమెరికా ఇచ్చిన సాయం, అంటే మార్షల్ ప్లానూ దానం కాదు. 1948 నుంచి నాలుగేళ్లలో పశ్చిమ ఐరోపాకు సుమారు 1,300 కోట్ల డాలర్లు ఇచ్చారంటే, అటు సోవియట్లు రాకూడదని, అమెరికా సరుకు కొనేవాళ్లు మిగలాలని. అందులో పశ్చిమ జర్మనీకి వచ్చింది దాదాపు 140 కోట్లు. ఇరాక్ పునర్నిర్మాణానికి 2003 తర్వాత పదేళ్లలో అమెరికా పెట్టింది దాదాపు 6,000 కోట్లు. అప్పటి డాలరు విలువ ఎక్కువే, ఆ లెక్క కట్టినా జర్మనీ వాటా కంటే ఇరాక్ మూటే పెద్దది. అంటే స్వార్థం రెండు చోట్లా ఉంది, డబ్బు ఇరాక్‌లోనే ఎక్కువ. ఫలితం మాత్రం తిరగబడింది.

తేడా డబ్బు తిరిగిన తీరులో ఉంది. జర్మనీకి వచ్చింది ఎక్కువగా సరుకు. అక్కడి వ్యాపారి దానికి జర్మన్ కరెన్సీ మార్కుల్లో డబ్బు కట్టేవాడు. ఆ మార్కులు ఒక నిధిలో చేరి గనులకూ, ఇళ్లకూ అప్పుగా వెళ్లేవి. అప్పు తీరితే అదే డబ్బు ఇంకొకరికి. దాన్ని నడపడానికి 1948లో పెట్టిన కేఎఫ్‌డబ్ల్యూ బ్యాంకు ఇప్పటికీ ఉంది.

ఇరాక్‌లో 2003 మే నెలలోనే అమెరికా పెట్టిన పాలనాధికారి పాల్ బ్రెమర్ రెండు ఉత్తర్వులిచ్చారు. ఒకదాంతో సద్దాం హుస్సేన్‌ బాత్ పార్టీ పైస్థాయి సభ్యుల ఉద్యోగాలు పోయాయి, రెండోదాంతో సైన్యమే రద్దయింది. లక్షల మంది రోడ్డున పడ్డారు, వాళ్లలో చాలామందికి తుపాకీ పట్టడం వచ్చు. ఆ తర్వాత కాంట్రాక్టులిచ్చి కట్టిన వాటిని పేల్చేవాళ్లు మొదలయ్యారు.

ఈ మాటకు నాకు 2014 అక్టోబరు గుర్తొచ్చింది. హుద్‌హుద్ తుఫాను పోయాక మా వీధిలో స్తంభాలన్నీ నేలకూలాయి. బయటి ఊళ్ల నుంచి వచ్చిన సిబ్బంది తీగలు లాగారు, నిజమే. కానీ ఏ లైను ఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్తుందో చెప్పింది మా ఏరియా లైన్‌మన్. బురదలో చెప్పుల్లేకుండా తిరుగుతూ వేలుపెట్టి చూపించాడు. ఆయన్ని ఆ వారం ఉద్యోగంలోంచి తీసేసి ఉంటే?

పోలికలో ఒకటి ఒప్పుకోవాలి. జర్మనీకి డబ్బు వచ్చేసరికి తుపాకుల మోత ఆగిపోయింది, ఇరాక్‌లో ఆగలేదు.

"మరి నాజీల కింద పనిచేసినోళ్లు మళ్లీ కుర్చీల్లో కూర్చోలేదా?" అన్నారు బాబాయ్.

కూర్చున్నారు, చాలామంది. అది నాకూ మింగుడుపడదు. అయినా నేను జర్మనీ దారినే ఎంచుకుంటాను. నేరం చేసినవాడిని కోర్టుకు ఈడ్చాల్సిందే. పార్టీ కార్డు ఉంటే తప్ప ఉద్యోగంలో పైకి రానివ్వని దేశంలో కార్డు తీసుకున్న బడిపంతులు వేరు. 2003 మేలో ఆ ఇద్దర్నీ ఒకే గాటన కట్టేశారు.