స్క్రిప్టు పంపేముందు ఒక్క నిమిషం: పర్లాకిమిడి నుంచి ఒక జాగ్రత్త

షార్ట్ ఫిల్ములకీ వెబ్ సిరీసులకీ కథలు రాసుకునే మిత్రులకు, ముఖ్యంగా పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, గుణుపురం వైపు ఉండి "హైదరాబాదు మనకెక్కడ అందుతుందిలే" అనుకునేవాళ్లకు ఇది రాస్తున్నాను. నేను 4,999 రూపాయలు కట్టి మరీ నా స్క్రిప్టు పోగొట్టుకున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది, పైగా వాళ్లు ఇప్పటికే ఒకసారి పేరు మార్చారు. వాళ్ల పద్ధతి చెబుతాను, అది మాత్రం మారలేదు.

నాది పర్లాకిమిడిలో, అంటే ఆంధ్రాని ఆనుకుని ఉన్న ఒడిశా ఊళ్లో, డీటీపీ షాపు. పగలంతా ఒడియాలో అర్జీలు, తెలుగులో శుభలేఖలు, ఇంగ్లీషులో అఫిడవిట్లు. రాత్రి షట్టరు సగం దించి నా స్క్రిప్టులు. ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవ లేదు గానీ, స్క్రిప్టు చదివి "ఈ సీను తేలిపోయింది, తీసెయ్" అని చెప్పే మనిషి దొరకడు. ఎవరికైనా వినిపిద్దామంటే పలాస వెళ్లి రైలెక్కాలి, ఓ రాత్రి, ఇంకాస్త పగలు ప్రయాణం, అక్కడ లాడ్జి ఖర్చు, ఆపైన ఆఫీసుల గుమ్మాల దగ్గర పడిగాపులు. షాపు మూసుకుని ఎన్నిసార్లు వెళ్లగలను? ఇలాంటి మనిషికి ఏం అమ్మాలో వాళ్లకు బాగా తెలుసు.

ప్రకటన ఫోన్లో కనిపించింది. "మీ స్క్రిప్టును అనుభవజ్ఞులు చదివి రిపోర్టు ఇస్తారు, బాగుంటే నిర్మాతల దగ్గరకు మేమే తీసుకెళ్తాం." నంబరు ఇచ్చిన గంటలో కోఆర్డినేటరు అబ్బాయి ఫోన్ చేశాడు. నా కథ లైను మూడు నిమిషాలు చెప్పానో లేదో, "సార్, మీ కథలో ఆత్మ ఉంది సార్" అన్నాడు. నలభై ఆరేళ్లొచ్చాయి నాకు. నా రాతల గురించి ఆ మాట అన్నవాళ్లు అంతవరకు లేరు. మా ఆవిడ పక్కనుంచి వింటూ, "ఆత్మ సంగతి సరే, డబ్బులెంతట?" అంది. ఆవిడ మాట వినాల్సింది.

కథ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే దొంగతనం ఎలా బయటపడిందో అర్థం కాదు. మా చిన్న రైలు గురించి రాశాను. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారి చలవతో వచ్చి, 1931కి గుణుపురం దాకా పొడిగించిన న్యారోగేజీ. 2004లో ఆగింది, పెద్ద లైను వేశాక 2011లో మళ్లీ బళ్లు తిరిగాయి. మధ్యలో ఏడేళ్లు స్టేషన్లలో మేకలు కట్టుకున్నారు. ఆ ఏడేళ్లలో రిటైరైన గార్డు సింహాచలం, రోజూ పాత వేళకే టెంబూరు స్టేషనుకొచ్చి పచ్చజెండా ఊపి ఇంటికి వెళ్తుంటాడు. భార్య అప్పలనరసమ్మ అతని పిచ్చికి కోపగించుకుంటూనే అన్నం క్యారేజీ కట్టి పంపుతుంది. యాభై రెండు పేజీలు, గంట నిడివి.

డబ్బు ఫోన్‌పేలో కట్టాను. పీడీఎఫ్ పంపితే వద్దన్నారు. "మా రీడర్లు పేజీలోనే కామెంట్లు పెడతారు సార్, ఎడిట్ అయ్యే ఫైలు ఇవ్వండి, యూనికోడ్‌లో." యూనికోడ్ అంటే ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనిపించే అక్షరాలు. నేను 'అను' అనే పాత డీటీపీ ఫాంట్లో కొట్టుకునేవాణ్ణి. ఆ ఫైలుని యూనికోడ్‌లోకి మార్చితే వత్తులన్నీ చెదిరిపోతాయి, తెలిసినవాళ్లకు తెలుసు ఆ బాధ. రెండు రాత్రులు కూర్చుని ఒక్కో వత్తూ సరిచేసి మరీ అప్పజెప్పాను. దొంగకి తలుపు తీయడమే కాదు, మెట్ల దగ్గర దీపం కూడా పట్టుకున్నాను.

రిపోర్టు పదిహేను రోజులకు వచ్చింది. ఒకటిన్నర పేజీ. "పాత్రలు బలంగా ఉన్నాయి, రెండో భాగంలో వేగం పెంచాలి." ఏ స్క్రిప్టుకైనా అతికే మాటలు. నిర్మాతల ముచ్చట అడిగితే వచ్చే వారం అన్నారు, పండగ వెళ్లాక అన్నారు, తరువాత ఫోన్ ఎత్తడం మానేశారు. సర్లే, డబ్బు పోయిందనుకుని ఊరుకున్నాను.

ఎనిమిది నెలల తరువాత పాతపట్నం నుంచి మా బావమరిది ఒక యూట్యూబ్ లింకు పంపాడు. "బావా, ఇది నువ్వు చెప్పిన కథలాగే ఉందే." ముప్ఫై నాలుగు నిమిషాల సినిమా. రైలు పోయి ఆర్టీసీ బస్సు వచ్చింది. గార్డు కండక్టరయ్యాడు, పచ్చజెండా విజిల్ అయింది. ఊరు గోదావరి ఒడ్డుకు మారింది. కానీ క్యారేజీ అలాగే ఉంది. మూత మీద భార్య గీకి రాసిన పేరు అలాగే ఉంది.

అంతవరకు "ఇలాంటి ఆలోచన ఇంకొకరికి రాకూడదా" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పందొమ్మిదో నిమిషంలో కండక్టరు గోదావరి గట్టు మీద నిలబడి, "ఈ ఒడ్డున ఓటు, ఆ ఒడ్డున చుట్టాలు, నది దాటితే బోర్డు మీద అక్షరాలే మారిపోతాయిరా" అన్నాడు. మాకు మహేంద్రతనయ నది పక్కన నిలబడితే అది మామూలు మాట. ఇటు ఒడియా బోర్డు, అటు ఆంధ్రాలో పాతపట్నం వెళ్తే తెలుగు బోర్డు. రెండు గట్ల మీదా తెలుగే ఉన్న చోట ఆ డైలాగుకు తలాతోకా ఉందా? తీసినవాడు చదివి కూడా ఉండడు, నకలు చేసేశాడు. ఇంకో చోట నా పొరపాటే పట్టిచ్చింది. ముప్ఫై ఒకటో సీనులో ఒక్కసారి అప్పలనరసమ్మకు బదులు అప్పయ్యమ్మ అని కొట్టేశాను, చూసుకోలేదు. వాళ్ల సినిమాలో భార్య పేరు మొదట్నుంచీ లక్ష్మి. సరిగ్గా ఆ సీనులో మాత్రం పక్కింటామె "అప్పయ్యమ్మా" అని పిలుస్తుంది! ఆ పేరుతో సినిమాలో ఇంకెవరూ లేరు. ఆ రోజు నవ్వొచ్చింది కూడా, నిజం చెప్పొద్దూ.

టైటిల్సులో కథ, మాటలు అని వేరేవాళ్ల పేరు. సంస్థకు మెయిల్ పెడితే రెండు ముక్కల్లో జవాబొచ్చింది: మీరు అప్‌లోడ్ చేసినప్పుడు ఒప్పుకున్న నిబంధనల్లో 14వది చూడండి. చూశాను. ఇంగ్లీషులో ఉంది. అప్‌లోడ్ చేసిన రచనను వాడుకోవడానికి, మార్చుకోవడానికి, ఇతరులకు ఇవ్వడానికి సంస్థకు శాశ్వతమైన, రద్దు చేయడానికి వీల్లేని, రాయల్టీ లేని అనుమతి ఇస్తున్నట్టు. రోజుకు పది అగ్రిమెంట్లు టైపు చేసేవాణ్ణి, నా అగ్రిమెంటు చదవకుండా టిక్కు పెట్టాను. డబ్బు కట్టింది మనం కాబట్టి మనమే కస్టమర్లమనుకుంటాం. కాదు. రుసుము కట్టి మరీ సరుకు తెచ్చి పోసినవాళ్లం. రిపోర్టు అనేది ఆ సరుకు సేకరించే సంచి.

బరంపురంలో ఒక వకీలుగారి దగ్గరకు వెళ్లాను. ఆయన తెలుగాయనే. నా స్క్రిప్టునీ వాళ్ల సినిమానీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఆలోచన మీద ఎవరికీ హక్కు లేదు మేస్టారు, రిటైరైన ఉద్యోగి పాత డ్యూటీ మానలేకపోవడం ఎవరైనా రాసుకోవచ్చు" అన్నారు ముందే. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదేనట. ఆలోచన కాదు, దాన్ని చెప్పిన తీరు నకలైందా అని చూస్తారు, రెండూ చూసినవాడికి ఇది దానికి నకలే అని తప్పకుండా అనిపించాలి. "మీ క్యారేజీ, మీ గట్టు డైలాగు, మీ అప్పయ్యమ్మ... ఇవీ మనకు పనికొచ్చేవి" అన్నారు.

ఆ టిక్కు సంగతి అడిగాను. దానికి ఆయన చెప్పినది అందరూ తెలుసుకోవాలి. కాపీరైటు చట్టం, 1957 ప్రకారం హక్కులు పూర్తిగా బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా ఉండాలి, రచయిత సంతకం ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లే, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. కాబట్టి టిక్కుతో నా కథ వాళ్ల సొత్తు కాలేదు. కానీ వాడుకోవడానికి ఇచ్చే అనుమతి, అంటే లైసెన్సు, వేరు. 2012 సవరణ తరువాత దానికి రాతపూర్వకంగా ఉంటే చాలు, సంతకం అనే మాట తీసేశారు. వాళ్లు పట్టుకుని వేలాడేది దాన్నే. ఇది కోర్టులో తేలాల్సిన విషయమే. అయితే ఒకటి, అనుమతి ఉందనుకున్నా రచయిత పేరు చెరిపేసే హక్కు రాదు. హక్కులన్నీ అమ్ముకున్నా "ఇది నేను రాసింది" అనే హక్కు రచయితకే ఉంటుందని 57వ సెక్షను. ఆ మాట విన్నాక ఆ రాత్రి కొంచెం నిద్రపట్టింది.

"రిజిస్ట్రేషను చేయించారా?" అన్నారు. లేదన్నాను. సాహిత్య రచనకు 500 రూపాయల రుసుము, ఫారం 14, ఆన్‌లైన్‌లోనే. డైరీ నంబరు, అంటే దరఖాస్తుకు ఇచ్చే నంబరు, వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి, తరువాత పరిశీలన. తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు మనదే. కానీ సర్టిఫికెట్టు ఉంటే కోర్టు దాన్ని ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, నా షాపులోనే ఒకాయన భజన పాటల పుస్తకానికి ఆ ఫారం నేనే నింపి పెట్టాను. నాది మాత్రం "సినిమా అయ్యాక చూద్దాంలే" అనుకున్నాను. ఇప్పుడు చేయించాను, పెళ్లయిపోయాక శుభలేఖ అచ్చేసినట్టు.

రుజువుల దగ్గర ఇంకో దెబ్బ. కోఆర్డినేటరుతో వాట్సాప్‌లో జరిగిన మాటలన్నీ మాయం. మొదటి రోజే వాడు డిసపియరింగ్ మెసేజెస్ పెట్టాడు, ఏడు రోజులకు. తెర మీద ఆ గీత కనిపించింది, అదేమిటో పట్టించుకోలేదు. నిర్మాతల గురించి ఇచ్చిన హామీలన్నీ అందులోనే ఉన్నాయి. మిగిలినవి ఫోన్‌పే రసీదు, ఫైలు అందిందని వచ్చిన మెయిలు, గూగుల్ డాక్స్‌లో పాత వెర్షన్ల చరిత్ర. యూనికోడ్‌లోకి మార్చాక వత్తులు దిద్దింది అందులోనే కాబట్టి, రెండు రాత్రుల దిద్దుబాట్లూ తేదీ, టైముతో సహా ఉన్నాయి. అప్పుడు తిట్టుకుంటూ చేసిన పనే ఇప్పుడు అక్కరకొచ్చింది. స్క్రీన్‌షాటు ఒక్కటీ తీసుకెళ్తే చాలదని కూడా తెలిసింది. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ఒక సర్టిఫికెట్టు జతచేయాలి. ఫైళ్లు చెరపకండి, ఫోను మార్చినా పాతది అమ్మేయకండి.

యూట్యూబ్‌కు ఫిర్యాదు పెట్టడంలో తొందరపడ్డాను. ఫారం నింపిన నాలుగో రోజు వీడియో పోయింది. ఇంట్లో కాజాలు తెప్పించాను. వీడియో తీసేయడం తప్పని వాళ్లు వెంటనే ఎదురు నోటీసు ఇచ్చారు. అలా ఇస్తే, కోర్టులో కేసు వేసినట్టు మనం 10 పనిదినాల్లో చూపించాలి, లేకపోతే వీడియో తిరిగి వచ్చేస్తుంది. నా కాగితాలు సిద్ధంగా లేవు, వకీలుగారు ఊళ్లో లేరు. వీడియో తిరిగొచ్చింది. ముందు వకీలు, తరువాత యూట్యూబు. నాది తలకిందులైంది.

పోలీసుల దగ్గరకు కూడా వెళ్లాను. అక్కడున్న ఏఎస్సై మర్యాదగా కూర్చోబెట్టి, "గప చోరి హెలా?" అని రెండుసార్లు అడిగారు. కథ దొంగతనమా అని. పాపం ఆయన తప్పేముంది, గేదెలూ మోటారుసైకిళ్లూ పోయాయని వచ్చే చోట కథ పోయిందంటే ఎవరికైనా వింతే. కానీ ఇది నేరమే. కాపీరైటు చట్టం 63వ సెక్షను కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. పోలీసులు నేరుగా కేసు కట్టదగ్గ నేరమని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ తీర్పు ప్రింటు తీసి మళ్లీ వెళ్లాను, ఫిర్యాదు తీసుకున్నారు.

దూరం గురించి భయపడేవాళ్లకు ఒక మంచి మాట. కాపీరైటు దావా మనం నివసించే చోటి జిల్లా కోర్టులోనే వేసుకోవచ్చు, 62వ సెక్షను. సేవ విషయంలో మోసానికి వినియోగదారుల కమిషను కూడా అంతే, 2019 చట్టం ప్రకారం మన జిల్లాలోనే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోన్ చేసి కూడా చెప్పుకోవచ్చు. నేను కమిషన్లో వేశాను: 4,999 తిరిగివ్వాలని, ఇస్తామన్న సేవ ఇవ్వలేదని. కాపీరైటు దావాకు కాగితాలు తయారవుతున్నాయి.

ఇప్పుడు నేను పాటిస్తున్నవి చెబుతాను. ముందు సినాప్సిస్, అంటే కథ సారాంశం మాత్రమే, రెండు పేజీలు. అడిగితే పీడీఎఫ్, ప్రతి పేజీ మీదా ఎవరికి పంపానో వాళ్ల పేరు, తేదీ. ఒక్కొక్కరికి పంపే కాపీలో ఒక చిన్న పాత్ర పేరు వేరుగా పెడుతున్నాను. అప్పయ్యమ్మ నేర్పిన విద్య. ఫోన్లో మాట్లాడిన ప్రతిసారీ "ఇందాక మనం అనుకున్నట్టు" అని మెయిలు పెడుతున్నాను. ఎడిట్ అయ్యే ఫైలు అడిగినవాళ్లకు నమస్కారం. నిజంగా సినిమా తీసేవాళ్లు రచయితకు డబ్బిస్తారు, రచయిత దగ్గర తీసుకోరు. ఇది మా ఆవిడ మాట, నాది కాదు.

ఇది రాయడానికి ముందు నాలాగే వీళ్లకు డబ్బు కట్టినవాళ్లు ఇద్దరు దొరికారు, ఒకరు బరంపురం, ఒకరు జయపురం. ఇద్దరిదీ ఇదే ప్యాకేజీ, ఇదే ఒకటిన్నర పేజీ రిపోర్టు. పక్కపక్కన పెట్టి చూస్తే రెండో పేరా అక్షరం పొల్లుపోకుండా ఒకటే. వాళ్ల కథలు ఇంకా ఎక్కడా తేలలేదు, రోజూ యూట్యూబ్ వెతుక్కుంటున్నారు. మీకు గనక "మీ కథలో ఆత్మ ఉంది సార్" అని ఫోనొచ్చి, ఆ వెంటనే యూనికోడ్ ఫైలు అడిగి ఉంటే, డబ్బు కట్టినా కట్టకపోయినా నాకో మెసేజ్ పెట్టండి. మీ రిపోర్టు కూడా ఉంటే కమిషన్లో వచ్చే వాయిదాకి దాన్ని కలిపి పెడతాం.