పూల క్లబ్బు యాత్రకు ఏ రాజోద్యానం మేలు: ఢిల్లీదా, శ్రీనగర్‌దా?

చలి మొదలయ్యేసరికి పూల క్లబ్బుల్లో ఏటా ఒకే ప్రశ్న. ఈసారి అందరం కలిసి రాష్ట్రపతి భవన్ తోట చూసొద్దామా, లేక శ్రీనగర్ మొఘల్ తోటలకు వెళ్దామా? రెంటి ఫొటోలూ అందరూ చూసినవే కనుక అందం గురించి మళ్ళీ చెప్పేదేమీ లేదు. మొక్కలు పెంచే వాళ్ళు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అక్కడ చూసినదాంట్లో ఎంత మన పెరట్లో, మన కుండీలో పండుతుంది? ప్రయాణం దూరమైనా, ఖర్చు ఎక్కువైనా ఏదోలా సర్దుకోవచ్చు. ఈ లెక్క తప్పితే మాత్రం ఫొటోలు తప్ప చేతికేమీ మిగలదు.

ఆ లెక్కలో ఢిల్లీ ముందుంది. రాష్ట్రపతి భవన్ వాస్తుశిల్పి ల్యూటెన్స్ 1917 నాటికే దాని తోట నమూనా ఖాయం చేసినా, మొక్కలు నాటింది 1928-29లో, తోటల అధికారి విలియం మస్టో చేతుల మీదుగా. 15 ఎకరాల ఈ తోటను 2023 నుంచి అమృత్ ఉద్యాన్ అంటున్నారు. ఫిబ్రవరిలో తెరిచేసరికి మడుల్లో ఉండేవి చాలావరకు మనకు తెలిసిన మొక్కలే. బంతి, పిటూనియా, డయాంథస్, సాల్వియా, డాలియా, కాలెండులా అన్నీ మన నర్సరీల్లోనూ దొరుకుతాయి. తేడా అంతా పెంపకంలో ఉంది, వెళ్ళి చూడాల్సింది ఆ పెంపకాన్నే.

ఉదాహరణకు పిటూనియా మడి దగ్గర ఆగి, రంగుల మీంచి కళ్ళు తిప్పి మొక్క మొదలు చూడండి. ఒక్కో మొక్కకు ఎన్ని కొమ్మలున్నాయి? మొక్కకూ మొక్కకూ ఎడం ఎంత? 25 నుంచి 30 సెంటీమీటర్లు వదిలి, నారు ఆరు ఆకుల మీద ఉండగానే తల తుంచితే మొక్క పక్కలకు పరుచుకుని మట్టిని కప్పేస్తుంది. ఇంట్లో ఒక్క కాడ మీద సాగి నాలుగు పూలు పూసి వాలిపోయే పిటూనియాకు జరిగిన లోపం చాలాసార్లు ఈ తల తుంచకపోవడమే. బంతికీ ఇదే పని చేయాలి కానీ నాటిన 30-40 రోజులకు.

రోజుల లెక్క మాత్రం ఢిల్లీది యథాతథంగా తెచ్చుకోకూడదు. అక్కడ సెప్టెంబరు, అక్టోబరుల్లో పోసిన నారు డిసెంబరు, జనవరి చలికి ఎదుగుదల తగ్గించుకుని, బలం కూడగట్టుకుని ఫిబ్రవరిలో ఒక్కసారిగా విరగబూస్తుంది. మన మైదానాల్లో అంత చలి ఉండదు. అదే విత్తనం మూడు నెలలకే పూతకొస్తుంది, మార్చి నడిమికి ఎండకు అయిపోతుంది. కాబట్టి మన దగ్గర అక్టోబరు మొదటి వారం దాటకుండా నారు పోయాలి. జనవరి అంతా పూత చూడొచ్చు. నవంబరు చివర పోసి, ఢిల్లీలోలాగా పూయలేదని విత్తనాన్ని తిట్టుకుంటే లాభం లేదు.

ఇక గులాబీలు. ఈ తోటలో 159 రకాలున్నాయని రాష్ట్రపతి భవన్ చెబుతుంది. క్వీన్ ఎలిజబెత్, మిస్టర్ లింకన్, బ్లూ మూన్, ఓక్లహోమా, మృణాళిని, చివరికి ఆకుపచ్చ గులాబీ కూడా. పువ్వు చూసి రకం ఎంచుకోవడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. ఢిల్లీ ఫిబ్రవరి గాలి పొడిగా ఉంటుంది. నల్లమచ్చ తెగులు అంటుకోవాలంటే ఆకు ఏకబిగిన ఏడు గంటలైనా తడిగా ఉండాలి. అక్కడ ఏ రకం చూసినా ఆకు నిగనిగలాడేది అందుకే. అదే మొక్క కోస్తా జిల్లాల వానల్లో అక్టోబరుకల్లా ఆకు రాల్చేయొచ్చు. అందుకని కింది ఆకులు చూడండి, మందంగా మెరిసేవా, పలచగా మెత్తగా ఉన్నాయా రాసుకోండి. మొదలు నుంచి కొత్త చిగుళ్ళు ఎన్ని లేచాయో లెక్కపెట్టండి. ఓక్లహోమా లాంటి ముదురు ఎరుపు రకాల రేకుల అంచులు మన ఎండకు మాడతాయి. వాటికి మధ్యాహ్నం నీడపడే చోటు ఉంటేనే పేరు రాసుకోవడం మంచిది.

తిరుగు ప్రయాణంలో ఢిల్లీ నర్సరీల్లో గులాబీ అంట్లు కొనొద్దు. ఫిబ్రవరి చివర్లో మట్టి లేని వేళ్ళతో వచ్చిన అంటు ఇంటికొచ్చి కొత్త వేరు పట్టేలోపే ఎండ ముదురుతుంది, మొక్క పైనుంచి కిందికి ఎండుతుంది. రకం పేరు రాసుకొచ్చి నవంబరు, డిసెంబరుల్లో తెప్పించుకుంటే అదే అంటు బతుకుతుంది.

ఢిల్లీలో ఉన్న పెద్ద చిక్కు నిలబడనివ్వకపోవడం. గంటల వారీగా స్లాట్లు, గీసిన దారిలోనే నడక, వెనక జనం. కెమెరా, తినుబండారాలు లోపలికి పంపరు. మొబైల్, నీళ్ళ సీసా పట్టుకెళ్ళొచ్చు. దీనికి మందు ముగ్గురేసి జట్లుగా విడిపోవడం. ఒకరు రకం పేర్లు రాయాలి, ఒకరు ఎడం, ఎత్తు, పక్కన ఏది నాటారో చూడాలి, ఇంకొకరు ఫొటోలు తీయాలి. ముందు పేరు పలక, తర్వాత మొత్తం మొక్క, ఆ తర్వాత ఆకు, చివర పువ్వు. ఈ వరుస తప్పితే ఇంటికొచ్చాక ఏ పువ్వు ఏ పేరుదో తేలక కొట్టుకుంటారు. వారం మధ్యలో, మొదటి స్లాట్ తీసుకోండి. సోమవారం, హోలీ రోజు తోట మూసి ఉంటుంది. ప్రవేశం ఉచితమే కానీ ఆన్‌లైన్ స్లాట్లకు, ముఖ్యంగా శని, ఆదివారాల వాటికి, గిరాకీ ఎక్కువ.

శ్రీనగర్ సంగతి పూర్తిగా వేరు. జహంగీర్ 1619లో వేయించిన షాలిమార్, నూర్జహాన్ అన్న ఆసిఫ్ ఖాన్ 1633లో వేయించిన నిషాత్, రెండూ నీటి కోసం కట్టిన తోటలు. నిషాత్‌లో 12 దిబ్బలు మెట్లు మెట్లుగా కొండ నుంచి దాల్ సరస్సు వైపు దిగుతాయి. ఒక దిబ్బ నుంచి కింది దిబ్బకు నీరు జారే రాతి పలక దగ్గర కాసేపు కూర్చోండి. పలక నున్నగా ఉండదు, చేప పొలుసుల్లాంటి చెక్కుడు ఉంటుంది. పలచటి నీరు ఆ గరుకు మీద పడి విరిగి, తెల్లటి నురగై, చప్పుడు చేస్తూ దిగుతుంది. తక్కువ నీటితో ఇంత సందడి చేయించిన పనితనం నిజంగా తలవంచి చూడదగ్గది. ఇంటి ముందు చిన్న నీటి తొట్టి పెట్టుకునే వాళ్ళకు ఇందులో నేర్చుకునేది ఉంది. పైగా ఇక్కడ ఎవరూ తరమరు, పూటంతా కూర్చోవచ్చు.

మొక్కల విషయానికొస్తే మాత్రం చేతులు ఖాళీ. ఆ తోటల్లోని పెద్ద చెట్టు చినార్ మన దగ్గర పెరగదు. ట్యులిప్ దుంపకు 12 నుంచి 16 వారాలు 9 డిగ్రీల లోపు చలి తగిలితేగానీ పూమొగ్గ సరిగా సాగదు. మైదానాల్లో ఒక్కసారి పూసినా, అది ముందే చలి పెట్టి పంపిన దుంప గొప్పే. రెండో ఏడు ఆకులే వస్తాయి. ఢిల్లీ తోటలో కనిపించే ట్యులిప్పులూ అంతే, వాటిని చూసి ఆశపడొద్దు.

శ్రీనగర్‌లో చాలా క్లబ్బులు దెబ్బతినేది నెల ఎంపికలో. ట్యులిప్ తోట వేరు, 2007లో వేశారు, దానికీ రాజులకూ సంబంధం లేదు. అది మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా పూస్తుంది. ఆ పూత కోసం వెళ్ళి, అదే ఊపులో నిషాత్, షాలిమార్ చూస్తే చినార్లు అప్పుడప్పుడే చిగురిస్తుంటాయి. గులాబీలు కావాలంటే మే చివర, జూన్. చినార్ ఎర్రబడడం కావాలంటే అక్టోబరు చివర. మూడూ ఒక్క ప్రయాణంలో కుదరవు.

మిగతా రాజోద్యానాల్లో, పింజోర్ మొఘల్ తోట చండీగఢ్ వైపు పని ఉంటే దిగి చూడొచ్చు. ఏడు దిబ్బలు బాగుంటాయి, అంతకుమించి ఆశించకండి. మైసూరు ప్యాలెస్ పూల ప్రదర్శన కుండీల అలంకరణ ఇష్టపడే వాళ్ళకు. బెంగళూరు లాల్‌బాగ్‌ను హైదర్ అలీ మొదలుపెట్టించినా అది ఇప్పుడు వృక్షశాస్త్ర తోట, దాన్ని ఈ పోటీలోకి లాగడం సబబు కాదు.

మొదటిసారి వెళ్ళే క్లబ్బయితే ఫిబ్రవరి చివరి వారం ఢిల్లీకే వెళ్ళండి. అప్పటికి మడుల్లో పూత నిండుగా ఉంటుంది, గులాబీలూ అందుకుంటాయి. ఢిల్లీ చూసేసిన వాళ్ళు వెంటనే కశ్మీర్ టికెట్లు కొనకముందు ఇంకొకటి గమనించండి. 2023 నుంచి అమృత్ ఉద్యాన్‌ను ఆగస్టు, సెప్టెంబరుల్లో కూడా కొన్ని రోజులు తెరుస్తున్నారు. వేడికీ తేమకూ తట్టుకునే పూలు అప్పుడుంటాయి. మన వానాకాలం మడులకు దగ్గరగా ఉండేవి అవే. తేదీలు ఏటా మారతాయి కనుక జులై చివర్లో ఒకసారి చూసుకుని, ఆ తర్వాతే రైలు టికెట్లు తీసుకోండి.