చెరువు గట్టు మీద వైరస్ పరీక్ష: పీసీఆర్ మేలా, లాంప్ మేలా?

రొయ్యల చెరువుకు తెల్లమచ్చల వైరస్ సోకితే 3 నుంచి 10 రోజుల్లోనే పంటంతా తుడిచిపెట్టుకుపోవచ్చు కనుక, నమూనాను దూరపు ల్యాబుకు పంపి ఎదురుచూడటం కంటే గట్టు మీదే పరీక్షించుకోవడం రైతుకు ఎంతో అవసరం.

పీసీఆర్, లాంప్ రెండూ నమూనాలోని వైరస్ డీఎన్‌ఏను అనేక రెట్లు పెంచి పట్టుకునే పరీక్షలే. బ్యాటరీతో నడిచే చిన్న పీసీఆర్ యంత్రం నమూనాను సుమారు 95 డిగ్రీలకు వేడిచేసి, తిరిగి 60 డిగ్రీల దరిదాపులకు చల్లార్చే పనిని 30, 40 సార్లు చేయాలి. అందుకే దాని ధర, అది తినే కరెంటు రెండూ ఎక్కువే. 2000లో జపాన్ పరిశోధకులు ప్రకటించిన లాంప్ పద్ధతికి 60–65 డిగ్రీల నిలకడైన వేడి చాలు, సాధారణంగా గంటలోపే ఫలితం తేలుతుంది. రొయ్య ఈదే కాలి ముక్కను నూరి తీసిన డీఎన్‌ఏను లాంప్ రసాయనాలు, ఆమ్లత్వాన్ని బట్టి రంగు మారే ఫినాల్ రెడ్ కలిపిన గొట్టంలో వేసి వేడిచేస్తే, వైరస్ ఉన్నప్పుడు గులాబీ ద్రావణం పసుపుగా మారడం కంటికే కనిపిస్తుంది.

అయితే లాంప్‌లో ఉన్న చిక్కును తేలిగ్గా తీసుకోకూడదు. అందులో డీఎన్‌ఏ విపరీతంగా పెరుగుతుంది కాబట్టి, పరీక్ష ముగిసిన గొట్టం మూత ఒక్కసారి తెరిచినా తుంపర్లు తర్వాతి నమూనాలో కలిసి, లేని జబ్బును ఉన్నట్టు చూపగలవు. వైరస్ మోతాదును అంకెల్లో తెలుసుకోవడానికి డీఎన్‌ఏ పెరుగుతుండగానే కొలిచే రియల్ టైమ్ పీసీఆరే నమ్మదగినది. హేచరీ పిల్లలను కొనేముందు పీసీఆర్‌నే కోరాలని, రొయ్యలు నీరసించి గట్టు వారకు చేరుతున్నప్పుడు మాత్రం లాంప్‌ను ఆశ్రయించాలని నా అభిప్రాయం.