కేబుల్ తీయించేసి ఎనిమిది నెలలు: అమ్మ, నేను, అంకెల్లేని రిమోట్

కేబుల్ కనెక్షన్ తీయించేసి ఎనిమిది నెలలైంది. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. నేను చూసేవన్నీ ఎప్పుడో ఫోన్‌లోకి మారిపోయాయి, టీవీ ముందు కూర్చునేది అమ్మే. అందుకే ఈ రివ్యూ ఎక్కువగా అమ్మ గురించే.

మొదటి రోజు స్ట్రీమింగ్ స్టిక్ (ఇంటర్నెట్‌లో వచ్చేవి టీవీలో చూపించే చిన్న పరికరం) టీవీకి తగిలించి, దాని రిమోట్ అమ్మ చేతిలో పెట్టాను. ఆ రిమోట్ మీద అంకెలు లేవు. చూపు తెర మీదే ఉంది, బొటనవేలు మాత్రం అలవాటు కొద్దీ కింది వరుసలోకి వెళ్లింది, ఏమీ తగలక మళ్లీ పైకొచ్చింది. ఇన్నేళ్లూ రిమోట్ వంక చూడకుండానే తన ఛానెల్ పెట్టుకున్న మనిషి. "నా ఛానెల్ ఎన్నో నంబరురా?" అంది. నంబర్లుండవమ్మా, ఏం కావాలో నువ్వే ఎంచుకోవాలి అన్నాను. "ఏం కావాలో నాకేం తెలుసు, ఏదొస్తే అది చూస్తాను" అంది.

ఈ మార్పులో అసలు కష్టం అదే. కేబుల్‌లో టీవీ వేసేసరికి ఏదో ఒకటి నడుస్తూ ఉంటుంది. సగంలో అందుకున్నా ఫర్వాలేదు, మధ్యలో లేచి వెళ్లినా ఫర్వాలేదు. ఇక్కడ ప్రతిసారీ బొమ్మల వరుసల్లో వెతుక్కోవాలి. నాకది హాయిగానే ఉంటుంది, అమ్మకి మాత్రం పొద్దున్నే పరీక్ష రాసినట్టు ఉండేది. రెండు వారాలు టీవీ వేయడమే మానేసింది. ఆ రెండు వారాలూ నేను తప్పు చేశానేమోనని చాలా బాధపడ్డాను.

తర్వాత కూర్చుని కొన్ని మార్చాను. అమ్మ పేరుతో వేరే ప్రొఫైల్ పెట్టాను, దాంతో నేను చూసేవి ఆవిడ వరుసల్లోకి రావడం ఆగింది. కొన్ని యాప్‌లలో కేబుల్‌లాగే రోజంతా నడిచే లైవ్ ఛానెళ్లు ఉంటాయి. అలాంటి యాప్ ఒకటి హోమ్ స్క్రీన్‌లో మొట్టమొదట పెట్టి, మిగతావన్నీ వెనక్కి తోశాను. రిమోట్‌లో మైక్ బటన్ నొక్కి పేరు చెప్పడం నేర్పాను. నేర్చుకోవడానికి మూడు రోజులు పట్టింది, అంతే.

బొమ్మ విషయానికొస్తే, మా కేబుల్‌కీ దీనికీ పోలికే లేదు. కానీ మొదటి నెల గుండ్రంగా తిరిగే ఆ చక్రాన్ని చూసి చూసి విసుగెత్తిపోయింది. ఇంటర్నెట్ వాళ్లకి ఫోన్ చేస్తే స్పీడ్ ఎక్కువున్న ప్లాన్ తీసుకోమన్నారు. తీసుకున్నాను, ఏమీ మారలేదు. నెట్‌ఫ్లిక్స్ అన్నిటికన్నా స్పష్టమైన 4కే బొమ్మకి అడిగేదే 15 ఎంబీపీఎస్ స్పీడ్, మామూలు ఫుల్ హెచ్‌డీకి 5 చాలు. నా పాత ప్లాన్ అంతకన్నా చాలా ఎక్కువే. రౌటర్‌కీ టీవీకీ మధ్య రెండు గోడలున్నాయి, వైఫై అక్కడికి చేరేసరికే నీరసపడిపోతోంది. ఒక అడాప్టర్ కొని, రౌటర్ నుంచి స్టిక్‌కి నేరుగా ఇంటర్నెట్ వైరు లాగాను. ఆ రోజు నుంచి చక్రం కనబడలేదు. ప్లాన్ పెంచమని ఎవరైనా అంటే ముందు ఆ వైరు సంగతి చూసుకోండి, దయచేసి.

లైవ్ మ్యాచ్‌లకి మాత్రం కేబులే మేలు. ఆన్‌లైన్‌లో వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. వీడియో ఆగకుండా నడవాలని యాప్ కొన్ని ముక్కలు ముందే పోగేసుకుంటుంది. ఆ ఆలస్యం వల్ల పక్కింట్లో అరుపులు వినిపించాక మా తెర మీద వికెట్ పడుతుంది. దీనికి నాకు మందు దొరకలేదు.

ఇంకో దెబ్బ అమ్మకే తగిలింది. 40 ఎపిసోడ్ల సీరియల్ ఒకటి రోజూ చూస్తోంది. 31 అయ్యాక ఒక పొద్దున చూస్తే అది యాప్‌లోనే లేదు. చూపించే హక్కుల గడువు అయిపోతే యాప్ వాళ్లు తీసేస్తారు. "మిగతా తొమ్మిదీ ఎప్పుడు వేస్తారు?" అని వారం రోజులు అడిగింది. డబ్బు కట్టే మనిషికి ముందుగా ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి కదా. సబ్‌స్క్రిప్షన్లు కూడా నాలుగైదు పెట్టుకుంటే కేబుల్ బిల్లుని దాటిపోతాయి. నేను ఒకసారికి ఒకటే తీసుకుంటున్నాను, తీసుకున్న రోజే ఆటో రెన్యువల్ ఆపేస్తున్నాను.

ఇన్ని చెప్పినా మళ్లీ కేబుల్ పెట్టించను. అమ్మకి చెవులు కాస్త మందం. ఇదివరకు ఒక మాట వినబడకపోతే "ఏమంది?" అని నన్ను అడిగేది. నేను సగం సార్లు విననే లేదు, సగం సార్లు విసుక్కున్నాను. మొన్న సాయంత్రం నా గదిలో ఉంటే ముందుగదిలోంచి ఒకే డైలాగ్ మూడుసార్లు వినిపించింది. ఏదో చెడిపోయిందనుకుని వెళ్లాను. అమ్మ పది సెకన్లు వెనక్కి వెళ్లే బటన్ నొక్కి నొక్కి వింటోంది. నన్ను చూసి, "ఉండు, ఇప్పుడు వినపడింది" అంది.